రంగు డబ్బా తెరవకుండా గన్‌ప్లాకి గీతలు, మురికి: తరచుగా అడిగే ప్రశ్నలు

గన్‌ప్లా అంటే గండమ్ (జపాన్ యానిమేలోని పెద్ద రోబో) ప్లాస్టిక్ మోడల్. బందాయ్ 1980 జులై నుంచి అమ్ముతున్న రోబో కిట్లు. మొదటి కిట్ ఎవరైనా ఉత్సాహంగా బిగించేస్తారు, రెండోది అయ్యేసరికి మాత్రం అందరికీ ఇవే డౌట్లు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోయింది, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఇందులో ఎయిర్‌బ్రష్ లేదు, కంప్రెసర్ లేదు, ప్రైమర్ లేదు. అద్దె ఇంట్లో, భోజనాల బల్ల మీద, రాత్రి పదింటి తర్వాత చేసుకోగలిగేవే ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

రంగు వెయ్యకపోతే ఎలాగూ బొమ్మలాగే ఉంటుంది కదా, గీతలు గీస్తే ఏం మారుతుంది?

చాలా మారుతుంది. 1980లో వచ్చిన మొదటి 1/144 (అసలు సైజులో 144వ వంతు) గండమ్ ధర 300 యెన్లు. దాదాపు అంతా తెల్ల ప్లాస్టిక్కే, జిగురుతో అతికించి రంగు మీరే వేసుకోవాలి. ఇప్పటి కిట్లలో ఎరుపు ఎర్ర ప్లాస్టిక్‌లోనే, నీలం నీలి ప్లాస్టిక్‌లోనే వస్తుంది కాబట్టి రంగు పని ఫ్యాక్టరీలోనే సగానికి పైగా అయిపోయినట్టు. మిగిలిన లోపాలు రెండే. ఒకటి, ప్లాస్టిక్ మెరుపు. రెండు, గాడుల్లో నీడ లేకపోవడం. నిజం యంత్రంలో రెండు రేకులు కలిసే చోట సన్నగా చీకటి కనిపిస్తుంది, పదమూడు సెంటీమీటర్ల బొమ్మలో ఆ గాడికి అంత లోతు ఉండదు, అందుకే ఆ చీకటిని మనం గీసి పెడుతున్నాం. పక్కపక్కనే రెండు కాళ్లు పెట్టి ఒకదానికే గీతలు నింపి చూడండి, ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

తక్కువ ఖర్చులో ఏమేం కొనాలి?

ఒక బూడిద రంగు గండమ్ మార్కర్ (గాడుల్లో గీతలు నింపే పెన్ను), ఒక 2బి పెన్సిల్, దూది పుల్లలు, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, మెలమైన్ స్పాంజి, మూడు నాలుగు మెత్తని సుద్ద పేస్టల్ ముక్కలు. అంతే. పేస్టల్స్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. స్కూలు పిల్లలు వాడేవి ఆయిల్ పేస్టల్స్, అవి మైనంలా ఉంటాయి, పొడి అవ్వవు. స్టేషనరీ షాపులో ‘పేస్టల్స్’ అంటే తొంభై శాతం అవే చేతిలో పెడతారు. గోరుతో గీకితే సుద్దలా పొడి రాలాలి, అదీ గుర్తు.

ఏ కిట్ మీద నేర్చుకుంటే మంచిది?

పాడైనా ఏడుపు రానిది ఏదైనా సరే. నా మాట వింటే ఆకుపచ్చ జాకూ, 1/144 హై గ్రేడ్ (హెచ్‌జీ) రకం. కథలోనే అది యుద్ధంలో నలిగిపోయే మామూలు సైనికుడి యంత్రం, ఎంత మురికి పూసినా నప్పుతుంది. పైగా ఆకుపచ్చ మీద తప్పులు కనిపించవు. తెల్లని గండమ్ మీద వేలిముద్ర పడినా దొంగ దొరికిపోయినట్టే. రియల్ గ్రేడ్ అనే రకం జోలికి ఇప్పుడే వెళ్లకండి, ఆ చిన్న చిన్న భాగాల మీద గీతలు నింపేసరికి కళ్లు లాగుతాయి.

ఏది ముందు చెయ్యాలి, ఏది తర్వాత?

కత్తిరించిన మచ్చలు నున్నగా చెయ్యడం, గీతలు నింపడం, డెకాల్స్ (అంటించే గుర్తులు), మెరుపు తగ్గించడం, చివరగా పెన్సిల్, పేస్టల్ పొడి. గీతలు మెరుపు మీద ఉండగానే ఎందుకంటే, నున్నని ప్లాస్టిక్ మీద ఇంక్ గాడిలో పారుతుంది, బయటికొచ్చింది తుడిస్తే పోతుంది. గరుకు చేసిన ప్లాస్టిక్ అదే ఇంక్‌ని సుద్దముక్క నీళ్లు పీల్చినట్టు పీల్చేసుకుంటుంది, మచ్చ వదలదు. పొడికి ఇది సరిగ్గా తిరగబడుతుంది. దానికి గరుకే కావాలి, నున్నటి చోట నిలవదు.

కత్తిరించిన చోట తెల్ల మచ్చ ఉంది. రంగు లేకుండా పోతుందా?

దాదాపుగా పోతుంది. రన్నర్ (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి ఒకేసారి భాగానికి ఆనించి కత్తిరిస్తే ప్లాస్టిక్ లాగినట్టయి తెల్లబడుతుంది. ముందు దూరంగా ఒకసారి, తర్వాత దగ్గరగా ఇంకోసారి కత్తిరించండి, కాస్త మిగిలిన మొటిమని 600 నంబరు ఇసుక కాగితంతో మొదలుపెట్టి 1000, 1500 వరకు రుద్దండి. అప్పటికీ లేత తెలుపు ఉంటే వేలి గోటితో గట్టిగా రుద్దండి. వినడానికి నాటు వైద్యంలా ఉంటుంది కానీ పనిచేస్తుంది. ముదురు నీలం, ముదురు ఎరుపు మీద మాత్రం కొంచెం మిగులుతుంది. అక్కడే ఒక మురికి మచ్చ పెట్టేస్తే సరి.

## గీతలు

నలుపు వాడాలా, బూడిద వాడాలా?

తెలుపుకి బూడిద. ఎరుపు, పసుపుకి గోధుమ. నీలం, ముదురు బూడిద, ఆకుపచ్చకి నలుపు. ఈ మూడు మార్కర్లతో జీవితం గడిచిపోతుంది. తెల్ల భాగం మీద నల్ల గీతే బాగుంటుందని చాలామంది పట్టుబడతారు, ఫోటోలో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కూడా. చిన్న లెక్క చెప్తాను. 1/144 లో 0.3 మిల్లీమీటర్ల గీత అంటే అసలు సైజులో 4.3 సెంటీమీటర్ల సందు. పద్ధెనిమిది మీటర్ల యంత్రం ఛాతీ మీద నాలుగు వేళ్లు దూరేంత చీలిక ఉంటే పైలట్ ఎక్కుతాడా? అంత సందు ఉన్నా అందులో చీకటి కటిక నలుపుగా ఉండదు. నలుపు గీతలు కార్టూన్ లుక్ కోసం కావాలనే వేసేవాళ్లున్నారు, అది వేరే ఇష్టం.

సన్న మొన మార్కర్, పోర్ టైప్ మార్కర్... రెండూ గీతలకే అంటున్నారు. తేడా ఏంటి?

సన్న మొనది పెన్నులాంటిది, మీరే గాడి పొడవునా గీసుకుంటూ పోవాలి. చెయ్యి వణికితే గీతా వణుకుతుంది. పోర్ టైప్‌లో ఇంక్ పల్చగా ఉంటుంది, గాడిలో ఒకచోట మొన ఆనిస్తే దానంతటదే సర్రున పారుకుంటూ పోతుంది. దీపంలో ఒత్తి నూనె పీల్చే సూత్రమే ఇదీ. పొడుగు గాడులు, వంపులు, గుండ్రని బోల్టు గుంటలు దీనికి వదిలెయ్యండి. వెడల్పాటి సందుల్లో, భాగం అంచు వెంట వచ్చే మెట్టులాంటి చోట్ల ఇంక్ పారదు, అక్కడికి సన్న మొనది. ఒకటే కొంటానంటే మాత్రం నేను సన్న మొనదే కొనమంటాను, ఎందుకంటే పోర్ టైప్ తప్పులు కూడా పారుకుంటూనే పోతాయి.

పోర్ టైప్ ఆనిస్తే పారడం లేదు, అక్కడే బొట్టులా ఉండిపోతోంది. ఏం చెయ్యాలి?

మూడు కారణాల్లో ఏదో ఒకటి. గాడిలో చేతి జిడ్డో, రుద్దిన పొడో ఉండొచ్చు. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో పాత మెత్తని బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. లేదంటే గాడి మరీ లోతు తక్కువై ఉంటుంది, ముఖ్యంగా వంపు తిరిగిన భాగాల్లో, అచ్చు నుంచి బయటికి తియ్యాలి కాబట్టి పక్క గోడల మీద గాడులు చదునుగా వస్తాయి. సూదితోనో కత్తి వెనక వైపుతోనో చాలా తేలిగ్గా నాలుగైదు సార్లు గీరండి. ఒక్కసారికే లోతు కావాలని నొక్కితే సూది జారి ఎటో పోతుంది. ఈ రెండూ కాకపోతే మార్కర్ మొన ఎండి ఉంటుంది, మూత పెట్టి ఊపి, పాత ప్లాస్టిక్ ముక్క మీద రెండు సార్లు నొక్కి మళ్లీ చూడండి.

మామూలు పెన్సిల్‌తో గీస్తే సరిపోదా?

తెలుపు, లేత బూడిద భాగాల మీద బ్రహ్మాండంగా సరిపోతుంది. 0.3 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిల్, హెచ్‌బి లేదా బి. గ్రాఫైట్ సహజంగానే బూడిద రంగు, నప్పకపోవడమంటూ ఉండదు. తప్పు పోతే రబ్బరుంది. ముదురు రంగుల మీద మాత్రం అది వెండిలా మెరిసి వెర్రిగా కనిపిస్తుంది. చెయ్యి తగిలితే చెదురుతుంది కూడా, కాబట్టి ఒక్కో భాగం విడిగా గీసి, చివర్లో బిగించండి.

ఇంట్లో సీడీల మీద రాసే పర్మనెంట్ మార్కర్ ఉంది. వాడొచ్చా?

వద్దు. దాని మొన గాడి కంటే లావు, ఇంక్ ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది, ఆల్కహాల్‌తో తుడిస్తే పోయినట్టే పోయి వంగపండు రంగు నీడ మిగిల్చి వెళ్తుంది. ఉన్నదాంతో సరిపెట్టాలంటే డ్రాయింగ్ వేసేవాళ్ల 005 నంబరు పిగ్మెంట్ పెన్ను నయం, గీత 0.2 మిల్లీమీటర్లే వస్తుంది. నున్నటి ప్లాస్టిక్ మీద అది ఆరడానికి టైం పడుతుంది, తొందరపడి ముట్టుకోకండి.

బయటికొచ్చిన ఇంక్ తుడుస్తుంటే గాడిలోది కూడా వచ్చేస్తోంది

దూది మెత్తగా ఉండి గాడిలోకి దిగుతోంది, పైగా ఆల్కహాల్ ఎక్కువైంది. దూది పుల్లని ముంచి, టిష్యూ మీద ఒత్తి, దాదాపు పొడిగా అయ్యాక గాడికి అడ్డంగా ఒక్కసారి లాగండి. గాడి పొడవునా లాగితే ఊడ్చేసినట్టే. కాస్త ఇంకే అయితే ఆల్కహాల్ కూడా వద్దు, వేలికి చుట్టిన పాత కాటన్ గుడ్డ చాలు. నేనైతే గీసిన పావుగంటకి తుడుస్తాను. వెంటనే తుడిస్తే మసకగా పూసుకుంటుంది, మర్నాటికి వదిలేస్తే మొండికేస్తుంది.

ఎనామిల్ వాష్ (థిన్నర్‌తో బాగా పల్చన చేసిన ఎనామిల్ రంగు) పోస్తే ప్లాస్టిక్ పగిలిపోతుందట, నిజమేనా?

నిజమే, నా అనుభవమే చెప్తాను. ఒక 1/100 రోబో నడుము లోపలి ఫ్రేమ్ బిగించి ఉండగానే, విప్పడం బద్ధకమై, గాడులన్నీ మునిగేలా ఎనామిల్ వాష్ పూశాను. రాత్రికి అద్భుతంగా ఉంది. పొద్దున్న కాఫీ కప్పుతో వచ్చి చూస్తే తుంటి కీలు దగ్గర వెంట్రుకంత చీలిక, కాలు పట్టుకోగానే టక్కుమని చేతిలోకి వచ్చింది. వాష్‌ది తప్పు కాదు, బద్ధకానిదే.

జరిగేది ఇదీ. బిగుతుగా దూర్చిన పిన్ను, దాన్ని పట్టుకున్న కప్పు ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటాయి. సన్నగా పారే థిన్నర్ ఆ ఒత్తిడి ఉన్న చోటికే దూరి ప్లాస్టిక్‌ని చీలుస్తుంది. ఏబీఎస్ అనే రకం దీనికి ఎక్కువ లొంగుతుంది, కీళ్లు, లోపలి ఫ్రేములు తరచుగా దాంతోనే చేస్తారు. ఏ రన్నర్ ఏ ప్లాస్టిక్కో కిట్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, చూసుకోండి. వాడాలనుకుంటే భాగాలు విప్పి, ఒక్కో చుక్క పెట్టి, ఒక పూట ఆరనిచ్చి అప్పుడు బిగించండి. ఏబీఎస్ మీద అసలు వద్దు. పోర్ టైప్ మార్కర్, ఆల్కహాల్ విషయంలోనూ కీళ్ల దగ్గర ఇదే జాగ్రత్త పడండి.

కనిపించిన గాడి అల్లా నింపాలా?

అక్కర్లేదు. అన్నీ నింపితే గళ్ల లుంగీ కట్టినట్టుంటుంది. తలుపులా తెరుచుకునేవి, కవచం పలకలు కలిసేవి ముదురుగా, మిగతావి లేతగా. కొన్ని వదిలెయ్యండి.

## మెరుపు తగ్గించడం

టాప్‌కోట్ స్ప్రే (పైన కొట్టే మెరుపు లేని పూత) దొరకడం లేదు. అది లేకుండా మెరుపు పోదా?

పోతుంది, చేతికి పని చెప్పాలి అంతే. ఏరోసోల్ డబ్బాలు విమానంలో పంపడానికి ప్రమాదకర సరుకు కింద లెక్క, అందుకే ఆన్‌లైన్‌లో కిట్ రెండు రోజుల్లో వచ్చినా స్ప్రే దగ్గర తిప్పలు. బదులుగా మెలమైన్ స్పాంజి చిన్న ముక్క కోసి, తడిపి, పిండి, ప్రతి పలకనీ ఒకే దిశలో తేలిగ్గా రుద్దండి. అది చూడ్డానికి మెత్తగా ఉన్నా పనిచేసేది సన్నటి ఇసుక కాగితంలాగే. రెండు మూడు నిమిషాల్లో ప్లాస్టిక్ బొమ్మ మెరుపు పోయి, గుడ్డుపెంకులాంటి మందమైన తళుకు వస్తుంది. పారదర్శక భాగాలు, బంగారు పూత ఉన్నవి, డెకాల్స్ పెట్టినవి ముట్టుకోవద్దు. గీతలు ఒకటో రెండో చోట్ల పలచబడతాయి, మళ్లీ దిద్దుకోండి. ఒక హెచ్‌జీ మొత్తానికి నాకు ఒక సినిమా అంత టైం పట్టింది.

స్ప్రే కొట్టాను, తెల్లగా పాలు పోసినట్టు అయిపోయింది!

గాలిలో తేమ. వానాకాలం విశాఖలోనో కాకినాడలోనో సాయంత్రం బాల్కనీలో కొడితే ఇదే జరుగుతుంది. స్ప్రే ఆరేటప్పుడు చల్లబడి గాలిలోని తేమని పట్టేస్తుంది, అది పొరలో ఇరుక్కుని తెల్లబడుతుంది. ఎండగా, పొడిగా ఉన్న రోజు అదే టాప్‌కోట్ చాలా పల్చగా మళ్లీ కొడితే చాలాసార్లు పొర కరిగి సర్దుకుంటుంది. ఒకేసారి తడిసేలా కొట్టినా ఇలాంటి గోలే, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి చెయ్యి ఆపకుండా రెండు మూడు పల్చని పొరలు కొట్టండి.

## మురికి

మురికి ఎక్కడ పెట్టాలో అర్థం కావడం లేదు. చివరికి అంతా బురదలో పొర్లినట్టు అవుతోంది

ఈ ప్రశ్నకి జవాబు కిట్‌లో దొరకదు, రోడ్డు మీద దొరుకుతుంది. ఎక్కడైనా పునాది తవ్వుతున్న జేసీబీ దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. బకెట్ పళ్ల దగ్గర పసుపు రంగన్నది లేదు, రాపిడికి ఇనుము తళతళలాడుతుంటుంది. చక్రాల పైన, మెట్టు కింద మట్టి ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. డ్రైవర్ చెయ్యి పట్టుకుని ఎక్కే కడ్డీ దగ్గర రంగు అరిగి నున్నగా ఉంటుంది. సైలెన్సర్ చుట్టూ మసి. పైకప్పు మీద ఉత్త దుమ్ము. క్యాబిన్ పక్క రేకు మాత్రం దాదాపు శుభ్రం! మనవాళ్లు మురికి పెట్టేది సరిగ్గా ఆ శుభ్రంగా ఉండాల్సిన రేకు మీదే, ఎందుకంటే అది పెద్దగా, ఖాళీగా, బ్రష్‌కి అందుబాటులో ఉంటుంది కనుక.

రోబోకి కూడా అంతే. పాదాలు, చీలమండలు మట్టి. మోకాలి ముందు రాపిడి. తుపాకీ పట్టుకునే అరచేయి, డాలు అంచు గీతలు. వీపు మీద థ్రస్టర్ల (మంట చిమ్మే గొట్టాల) చుట్టూ మసి. ముఖం, ఛాతీ వదిలెయ్యండి, కన్ను పడాల్సింది అక్కడే. మట్టి కింద చిక్కగా మొదలై మోకాలికి చేరేసరికి మాయమవ్వాలి.

పేస్టల్ పొడి ఎలా చెయ్యాలి, ఎలా పుయ్యాలి?

ముక్కని 400 ఇసుక కాగితం మీద రుద్దితే పిండిలా రాలుతుంది. ఒకే రంగు వాడకండి. నేలమట్టి రంగుకి గోధుమ, కాస్త బూడిద, చిటికెడు పసుపుపచ్చ. రెండు గోధుమల మధ్య తేడా ఉంటేనే మట్టి మట్టిలా ఉంటుంది. మెత్తని పొడి బ్రష్‌తో అద్దండి, రుద్దకండి. గాడుల్లోకి, మెట్ల మూలల్లోకి పోనిచ్చి, మిగిలింది ఊదెయ్యండి, నోటితో కాదు, తుంపర పడితే మరకే. ఎండిన బురద కావాలంటే పొడిలో రెండు చుక్కల ఆల్కహాల్ కలిపి పాదాల కింద బొట్లుగా పెట్టండి. తడిగా ఉన్నప్పుడు నల్లగా కనిపించి భయపెడుతుంది, ఆరితే లేతబడుతుంది. ఆరాక ఎలా ఉందో చూసే రెండో పూత.

టమియా వెదరింగ్ మాస్టర్ కొనాలా, మేకప్ ఐషాడోతో పని కాదా?

వెదరింగ్ మాస్టర్ చూడ్డానికి కాంపాక్ట్ పౌడరు డబ్బాలానే ఉంటుంది, మూడు రంగులు, చివర స్పాంజి ఉన్న పుల్ల. కాస్త జిగి ఉంటుంది కాబట్టి ఉత్త పొడి కంటే బాగా పట్టుకుంటుంది. ఒకటే కొనాలంటే మసి, తుప్పు ఉన్న బి సెట్ కొనండి. ఐషాడో కూడా పనిచేస్తుంది, ఒకే ఒక్క షరతు, అందులో మెరుపు రజను ఉండకూడదు. మా అక్కది అడక్కుండా తీసుకుని గోధుమే కదా అని పూశాను, ట్యూబ్‌లైట్ కింద బాగానే ఉంది. పొద్దున్న ఎండలో చూస్తే నా జాకూ పెళ్లికి ముస్తాబైనట్టుంది. అక్క కోపం సంగతి వేరే.

రంగు ఊడి లోపలి ఇనుము కనిపిస్తున్నట్టు అంచులు ఎలా?

4బి లేదా 6బి పెన్సిల్ పక్కకి వాల్చి అంచు మీద తేలిగ్గా లాగి, వేలితో ఒకసారి రుద్దండి. గ్రాఫైట్ ఇనుములా మెరుస్తుంది. తెగిన గీతలుగా, ఒకచోట చిన్నది, ఒకచోట పెద్దది, కొన్ని అంచులు ఖాళీ. అన్ని అంచులూ సమానంగా గీస్తే జరీ అంచు అవుతుంది. 1/144 లో ఒక మిల్లీమీటరు మచ్చ అంటే అసలులో 14 సెంటీమీటర్లు, అందుకని చుక్కలు ఎంత చిన్నవైతే అంత మేలు. పైన మ్యాట్ స్ప్రే కొడితే ఈ మెరుపు చచ్చిపోతుంది, కాబట్టి పెన్సిల్ స్ప్రే తర్వాతే.

గండమ్‌కి తుప్పు పెట్టొచ్చా?

మీ బొమ్మ, మీ ఇష్టం. కథ ప్రకారం ఆర్‌ఎక్స్-78-2 (మొదటి గండమ్) కవచం లూనా టైటానియం, తుప్పు పట్టే సరుకు కాదు. జాకూది ఉక్కు జాతి, దానికి పెట్టండి, అదీ నీళ్లు నిలిచే మూలల్లో.

థ్రస్టర్ నాజిల్ కాలినట్టు నీలం, ఊదా రావాలంటే?

వెదరింగ్ మాస్టర్ డి సెట్‌లో కాలిన నీలం, కాలిన ఎరుపు ఉంటాయి. మూతి దగ్గర మసి, దాని వెనక నీలం, ఆ వెనక ఎరుపు, ఒకదాన్లోకి ఒకటి కలిసేలా. ముందు గ్రాఫైట్ రుద్ది ఇనుము రంగు తెచ్చుకుంటే ఇంకా బాగా నమ్మిస్తుంది.

బుల్లెట్ దెబ్బలు, కోతలు పెట్టాలని ఉంది

కత్తి మొనతో వి ఆకారంలో చిన్న ముక్క తియ్యండి, గుంట లోపల పెన్సిల్ రుద్దండి, అయిపోయింది. రంగు వెయ్యని బొమ్మకి ఇక్కడ ఒక లాభం ఉంది, ఎంత లోతుకి కోసినా లోపల అదే రంగు. సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించేవాళ్లున్నారు, ఆ పొగ మంచిది కాదు, కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపి చెయ్యండి. ముందు రన్నర్ ముక్క మీద ప్రాక్టీస్.

## అంతా అయ్యాక

మురికి ఎక్కువైపోయింది, కడిగెయ్యొచ్చా?

స్ప్రే కొట్టకపోతే హాయిగా. పొడి, పెన్సిల్ సబ్బు నీళ్లకి చాలావరకు పోతాయి, గ్రాఫైట్ మొండికేస్తే రబ్బరు. గరుకు ప్లాస్టిక్ రంధ్రాల్లో కొంచెం మిగులుతుంది, నిజం చెప్పాలంటే ఆ మిగిలిందే చాలాసార్లు సరైన మోతాదు. స్ప్రే కింద ఇరుక్కుంటే తియ్యలేరు. అందుకే పొడి పూశాక ఒక రాత్రి వదిలేసి, పగటి వెలుగులో చూసి, అప్పుడే స్ప్రే సంగతి.

చేత్తో పట్టుకున్న ప్రతిసారీ పొడి వేళ్లకి అంటుతోంది

అంటుతుంది మరి, దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. పల్చగా ఒక మ్యాట్ పొర కొడితే నిలుస్తుంది, కానీ రంగు బాగా తగ్గిపోతుంది, అది లెక్కేసుకుని ముందే ఒక పిసరు ఎక్కువ పూసుకోవాలి. స్ప్రే లేకపోతే ముందే భంగిమ పెట్టేసి, చెయ్యి పడే నడుము, భుజాల దగ్గర పొడి లేకుండా చూసుకోండి. నడుము దగ్గర పట్టుకుని ఎత్తడం అలవాటు చేసుకోండి.

షెల్ఫ్‌లో పెట్టాక నిజం దుమ్ము పడుతోంది. వెదరింగ్‌లో (మనం పూసిన మురికిలో) కలిసిపోతుందిలే అని వదిలెయ్యొచ్చా?

నేనూ అలాగే అనుకుని ఒక వేసవి వదిలేశాను. నిజం దుమ్ములో నూలు పోగులు, వెంట్రుకలు ఉంటాయి, 1/144 రోబో భుజం మీద అవి తాళ్లలా వేలాడుతూ కనిపిస్తాయి. వారానికోసారి కెమెరా బ్లోయర్‌తో ఊదండి, మూలల్లో మెత్తని మేకప్ బ్రష్. అక్కని అడిగి తీసుకోండి.